ప్రమాణ స్వీకారానికి చదివింపులు

2025 జనవరి 20న వాషింగ్టన్‌లో చలి విపరీతంగా ఉందని ట్రంప్ ప్రమాణ స్వీకారాన్ని ఆరుబయటి నుంచి కాపిటల్ భవనం గుమ్మటం కిందికి మార్చారు. 1985లో రీగన్ రెండోసారి ప్రమాణం చేసినప్పుడూ ఇలాగే జరిగింది. ఆ రోజు మనవాళ్లు చాలామంది టీవీలో వెతికింది ఉపాధ్యక్షుడిగా ప్రమాణం చేస్తున్న భర్త పక్కన బైబిల్ పట్టుకుని నిలబడ్డ తెలుగింటి ఆడపడుచు ఉషా వాన్స్‌ని. ఆ ఉత్సవాల పేరు మీద ప్రైవేటు దాతల దగ్గర వసూలైన 23.9 కోట్ల డాలర్ల గురించి మాట్లాడుకున్నవాళ్లు తక్కువ. అంతకుముందు ఏ అధ్యక్షుడి ఉత్సవానికీ అందులో సగం కూడా రాలేదు.

ఎన్నికల ప్రచారం డబ్బుకున్న కట్టుబాట్లు ఈ డబ్బుకు లేవు. ప్రభుత్వ ఖర్చుకుండే తనిఖీలూ లేవు. రెండు చట్టాల మధ్య మిగిలిపోయిన ఈ ఖాళీ గురించే ఈ సంవాదం. మాట్లాడేది ఇద్దరు. గుంటూరులో ఆడిటరుగా పనిచేసి రిటైరై, పిల్లల్ని చూడడానికి అమెరికా వచ్చిన మామయ్య ఒకరు. వర్జీనియాలో ఉంటూ స్వచ్ఛంద సంస్థలకు సలహాలిచ్చే లాయరు, ఆయన మేనకోడలు, ఇంకొకరు. నా మొగ్గు మామయ్య వైపే. అయినా మేనకోడలి మాటల్లో పస ఉంది. వాటికి జవాబు చెప్పకుండా ఈ విషయంలో ఒక్క అడుగూ ముందుకు వేయలేం.

మామయ్య: అమ్మాయీ, మీ ఫెడరల్ ఎన్నికల సంఘం సైట్లో ఫారం 13 తెరిచి చూశాను. ఉత్సవ కమిటీ దాఖలు చేయాల్సింది అదే కదా. 200 డాలర్లు, ఆపైన ఇచ్చిన ప్రతి దాతకీ పేరు, చిరునామా, ఇచ్చిన తేదీ, ఎంత ఇచ్చాడన్నది. అక్కడితో సరి. ఖర్చు పేజీ కోసం ఎంత వెతికినా దొరకలేదు. నేనేదో నొక్కడం మరిచిపోయాననుకున్నాను.

మేనకోడలు: మీరేమీ మరిచిపోలేదు మామయ్యా. ఆ పేజీ లేదు. చట్టం అడగలేదు కాబట్టి లేదు. 2002లో సెనేటర్లు మెకెయిన్, ఫైన్‌గోల్డ్ తెచ్చిన ఎన్నికల సంస్కరణ చట్టంలో ఈ ఉత్సవాలకి పెట్టిన షరతులు రెండే. విదేశీయుల డబ్బు తీసుకోకూడదు. ప్రమాణ స్వీకారం అయిన 90 రోజుల్లోగా దాతల జాబితా ఇవ్వాలి. అంతకుముందు ఆ మాత్రం కూడా లేదు.

మామయ్య: జమ రాసి ఖర్చు రాయని పుస్తకం ఎవరైనా నా టేబుల్ మీదకు తెస్తే దాని మీద సంతకం పెట్టేవాణ్ణి కాదు. ఊళ్లో సహకార సంఘమైనా సరే, జమ ఒక్కటీ చూపిస్తే ఆడిట్ ఎలా అవుతుంది?

మేనకోడలు: సహకార సంఘం సభ్యుల డబ్బుతో నడుస్తుంది, సభ్యులకి లెక్క చెప్పాలి. ఇక్కడ డబ్బు ఎవరిది? ముందు ఆ సంగతి తేల్చుకుందాం. కాపిటల్ దగ్గర ప్రమాణం చేయించే వేదిక, దాని ఏర్పాట్లు చూసేది కాంగ్రెస్ ఉమ్మడి కమిటీ. అది ప్రభుత్వ డబ్బు, దానికి లెక్కలున్నాయి. మీరు మాట్లాడుతున్నది పరేడ్, సంగీత కచేరీలు, విందులు, రాత్రి జరిగే బాల్స్ గురించి. వాటిని జరిపేది గెలిచిన అభ్యర్థి నియమించుకున్న ఉత్సవ కమిటీ. 1956 నాటి చట్టం దాన్ని గుర్తిస్తుంది కానీ, అది ప్రభుత్వ శాఖ కాదు. పన్ను కట్టేవాడి జేబు లోంచి పైసా పోలేదు. ఇష్టమున్నవాళ్లు ఇచ్చారు, ఇష్టమున్నవాళ్లు వచ్చి నాట్యం చేశారు. ఎన్నికలా, అవి నవంబరులోనే అయిపోయాయి. ఈ డబ్బుతో ఒక్క ఓటూ మారదు. ప్రచార నిబంధనలన్నీ ఓటు చుట్టూ అల్లినవి, వాటిని తెచ్చి విందు మీద ఎందుకు పెట్టాలి?

మామయ్య: ఓటు అయిపోయింది కాబట్టే నాకు భయం. ఎన్నికలకు ముందు డబ్బిచ్చేవాడికి ఓడిపోతాడేమోనన్న గుబులు ఉంటుంది. ఇచ్చింది గంగలో కలవొచ్చు. ఉత్సవానికిచ్చేవాడికి ఆ గుబులు లేదు. నాలుగేళ్లు అధికారం ఎవరి చేతిలో ఉంటుందో తెలిసే ఇస్తున్నాడు. నవంబరు దాకా అవతలి పక్షానికిచ్చినవాడు కూడా డిసెంబరులో ఇటు తిరిగి ఇస్తాడు. మీ చట్టాల్లోనే చూడు. 2024లో ఒక మనిషి ఒక అభ్యర్థికి ఒక ఎన్నికలో 3,300 డాలర్లకు మించి ఇవ్వకూడదు. కంపెనీలు అభ్యర్థికి నేరుగా ఇవ్వడం 1907లోనే నిషేధించారు. ప్రభుత్వ కాంట్రాక్టరు అసలే ఇవ్వకూడదు. అదే మనిషి, అదే కంపెనీ, అదే కాంట్రాక్టరు రెండు నెలలు ఆగితే, అదే అభ్యర్థి ఉత్సవానికి ఎంతైనా ఇవ్వొచ్చు. ఇంత కట్టుదిట్టంగా గోడ కట్టి పెరటి తలుపు తీసి ఉంచినట్టు కాదూ?

మేనకోడలు: హద్దులు అధ్యక్షులే పెట్టుకుంటూ వచ్చారు మామయ్యా. 2005లో బుష్ కమిటీ ఒక్కొక్కరి దగ్గర రెండున్నర లక్షల డాలర్లకు మించి తీసుకోలేదు. 2009లో ఒబామా 50 వేలకే ఆపారు. కంపెనీల డబ్బు, లాబీయిస్టుల డబ్బు వద్దన్నారు. అయినా దాదాపు 5.3 కోట్లు వచ్చాయి. జనం చూస్తుంటారన్న జంకు చట్టం చేసే పనిలో చాలా భాగం చేస్తుంది.

మామయ్య: అదే ఒబామా 2013లో ఏం చేశారు?

మేనకోడలు: కంపెనీల డబ్బు తీసుకున్నారు. నిజమే.

మామయ్య: ఒకే మనిషి నాలుగేళ్లు తిరిగేసరికి తను గీసుకున్న గీత తనే చెరిపేశారు. 2021లో బైడెన్ కమిటీ కంపెనీల నుంచి పది లక్షల దాకా తీసుకుంది. కోవిడ్ వల్ల బాల్స్ లేవు, జనం లేరు, అయినా 6 కోట్లకు పైగా పోగైంది. 2017లో ట్రంప్ కమిటీకి 10.7 కోట్లు, అందులో కాసినోల యజమాని షెల్డన్ అడెల్సన్ ఒక్కడే 50 లక్షలు. స్వయంగా పెట్టుకున్న హద్దు మర్యాద మాత్రమే. మర్యాద మీద ఆధారపడి లెక్కలు రాయలేం.

మేనకోడలు: సరే, మర్యాద పక్కన పెడదాం. నా అసలు అభ్యంతరం వేరే ఉంది. మీరు పారదర్శకత అన్నప్పుడల్లా కోటీశ్వరుణ్ణి ఊహించుకుంటున్నారు. నా దగ్గరికి వచ్చేది చిన్న చిన్న సంస్థలు, చిన్న దాతలు. దాతల పేర్లు బయటపెట్టాలని పట్టుబట్టిన ప్రభుత్వాలు ఈ దేశంలో ఏం చేశాయో చరిత్ర ఉంది. 1950లలో అలబామా రాష్ట్రం నల్లవారి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీని సభ్యుల జాబితా ఇమ్మంది. ఇస్తే ఉద్యోగాలు ఊడేవి, ఇళ్ల మీద దాడులు జరిగేవి. 1958లో సుప్రీంకోర్టు ఇవ్వక్కర్లేదంది. 2021లో కాలిఫోర్నియా స్వచ్ఛంద సంస్థల దాతల వివరాలు అడిగితే అదీ కొట్టేసింది. ఒక స్కూలు టీచరు తనకిష్టమైన అధ్యక్షుడి పండగకి 250 డాలర్లు ఇస్తే, ఆవిడ ఇంటి చిరునామా జీవితాంతం ఇంటర్నెట్‌లో ఉండాలా? అది చూసి పొరుగువాడు గేటు మీద రాయి వేస్తే ఎవరు జవాబు చెబుతారు?

ఇక్కడ నేనొక మాట చెప్పాలి. మేనకోడలి వాదనలో అన్నిటికంటే బరువైనది ఇదే. పారదర్శకత కోరేవాళ్లు చాలామంది దీన్ని దాటేసి పోతారు. మామయ్య దాటలేదు.

మామయ్య: నువ్వన్నది నిజం. ఆ టీచరమ్మ పేరు నాకక్కర్లేదు. ఇల్లు అసలే అక్కర్లేదు. నెవాడా సెనేటర్ కేథరిన్ కోర్టెజ్ మాస్టో కొన్నేళ్లుగా ప్రవేశపెడుతున్న బిల్లు ఒకటుంది, ఉత్సవ నిధుల మీద. చదివావా?

మేనకోడలు: చదివాను. కంపెనీలు ఇవ్వకూడదు, ఒక మనిషి 50 వేలకు మించి ఇవ్వకూడదు, డబ్బు సొంతానికి వాడుకోకూడదు, ఖర్చులు చూపించాలి.

మామయ్య: ఇంకోటి వదిలేశావు. వెయ్యి డాలర్లు, ఆపైన ఇస్తే 24 గంటల్లో చెప్పాలంటుంది. నాకు నచ్చింది ఆ వెయ్యి అంకె. ఇప్పుడున్న చట్టం 200 ఇచ్చినవాణ్ణీ 50 లక్షలు ఇచ్చినవాణ్ణీ ఒకే కాగితం మీద, ఒకే తీరుగా, ఒకే రోజున చూపిస్తోంది. చిన్నవాణ్ణి వదిలెయ్. అవసరమైతే రెండు వేలు చెయ్, నాకేం పట్టింపు లేదు. పెద్దవాడి సంగతి మాత్రం మర్నాటికల్లా తెలియాలి. మన పెళ్లిళ్లలో చదివింపులు ఎలా రాస్తారు? పందిట్లో కూర్చున్న పెద్దమనిషి ఒకరు నోటు పుస్తకంలో పేరు, ఊరు, ఎంత అని అక్కడికక్కడే రాస్తాడు. పైకి చదువుతాడు కూడా. పెళ్లి అయిన మూడు నెలలకి రాద్దాంలే అని ఎవరూ అనరు. రేపు వాళ్లింట్లో శుభకార్యం వస్తే ఎంత బాకీ ఉన్నామో తెలియాలి కదా. డబ్బు ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ మధ్య బాకీ ఒకటి పుడుతుందని మన ముసలివాళ్లు ఏ మొహమాటం లేకుండా ఒప్పుకున్నారు. అందుకే రాశారు.

మేనకోడలు: బాగుంది. కానీ ఆ పుస్తకం పెళ్లివారి బీరువాలో ఉంటుంది, ఊళ్లో వాళ్లందరికీ చూపించరు. పైగా పప్పుకి ఎంతయింది, మేళానికి ఎంతయింది అని చదివింపులు ఇచ్చినవాడు అడగడు.

మామయ్య: పెళ్లి రెండు కుటుంబాల మధ్యది. ఇక్కడ పీట మీద కూర్చున్నవాడు పెండ్లికొడుకు కాదు, 34 కోట్ల మంది దేశానికి అధ్యక్షుడు. రేపు తీర్చబోయే బాకీ ఆయన సొంతది కాదు, వాళ్లందరిదీ. అందుకే ఆ పుస్తకం బీరువాలో ఉండకూడదంటున్నాను.

మేనకోడలు: తీరుస్తాడని ఎందుకనుకోవాలి? డబ్బిచ్చిన ప్రతివాడికీ పని జరుగుతుందని మీరు ముందే తీర్మానించేశారు. ఒకరిని కలిపించడం, ఒక విందులో పక్కన కూర్చోబెట్టడం అధికారిక చర్యలు కావని వర్జీనియా మాజీ గవర్నర్ మెక్‌డానెల్ కేసులో 2016లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది.

మామయ్య: నేను ఎవర్నీ దొంగ అనడం లేదు. ఆడిటరు దొంగతనం ఉందని మొదలుపెట్టడు. ఉంటే కనపడేట్టు పుస్తకం ఉందా లేదా అని చూస్తాడు. ఈ 2025 జాబితాలో అందరికంటే పెద్ద మొత్తం ఎవరిచ్చారు? పిల్‌గ్రిమ్స్ ప్రైడ్, కోళ్ల కంపెనీ. 50 లక్షల డాలర్లు. ఆ కంపెనీలో ఎక్కువ వాటా బ్రెజిల్‌కు చెందిన మాంసం వ్యాపార దిగ్గజం జేబీఎస్‌ది. కోళ్ల ధరలు కుమ్మక్కై నిర్ణయించిన నేరానికి 2021లో పిల్‌గ్రిమ్స్ ఒప్పుకుని దాదాపు 10.8 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. జేబీఎస్ ఏళ్ల తరబడి న్యూయార్క్ స్టాక్ ఎక్స్చేంజ్‌లో లిస్టింగ్ కోసం ఎదురుచూసింది. 2025 ఏప్రిల్‌లో నియంత్రణ సంస్థ ఆమోదం వచ్చింది, జూన్‌లో షేరు ట్రేడింగ్ మొదలైంది. దాతల జాబితా బయటికొచ్చిందీ ఆ ఏప్రిల్‌లోనే.

మేనకోడలు: డబ్బుకీ ఆమోదానికీ సంబంధం ఉందని రుజువు లేదు. కంపెనీ కాదంది. అమెరికాలో రిజిస్టరై ఇక్కడ సంపాదించిన డబ్బుతో ఇస్తే, విదేశీ యజమాని ఉన్నా చట్టం ఒప్పుకుంటుంది.

మామయ్య: రుజువు లేదు. నేనూ అదే చెబుతున్నాను. ఉందని చెప్పడానికీ లేదు, లేదని చెప్పడానికీ లేదు. సంబంధం లేకపోతే ఆ మాట నమ్మకంగా చెప్పుకునే వీలు కంపెనీకే ఉండాలి. డిసెంబరులోనో జనవరిలోనో డబ్బు చేరిన మర్నాడే జాబితాలో పడి ఉంటే, ఆ తర్వాత జరిగిన ప్రతి నిర్ణయాన్నీ జనం కళ్లు తెరుచుకుని చూసేవాళ్లు. అధికారులు కూడా. మూడు నెలలు చీకట్లో ఉంచి తర్వాత దీపం పెడితే, చీకట్లో ఏం జరిగిందోనన్న అనుమానమే మిగులుతుంది.

మేనకోడలు: పెద్ద దాతల్లో చాలామంది తమకు తామే ముందే చెప్పుకున్నారు మామయ్యా. అమెజాన్, మెటా, ఓపెన్ఏఐ, ఆపిల్ అధినేతలు ఆల్ట్‌మన్, కుక్ పది లక్షల చొప్పున ఇస్తున్న సంగతి జనవరి మొదటికే పత్రికల్లో వచ్చింది. రిపుల్ క్రిప్టో రూపంలో దాదాపు 50 లక్షలు ఇచ్చింది, అదీ దాచలేదు. క్రిప్టో కంపెనీ కాయిన్‌బేస్ డబ్బు సంగతి కూడా తెలుసు.

మామయ్య: ఆ కాయిన్‌బేస్ మీదున్న కేసును నియంత్రణ సంస్థ ఫిబ్రవరి 27న వదిలేసింది. అధికారిక జాబితా ఏప్రిల్ 20న వచ్చింది. చెప్పాలనుకున్నవాడు ముందే చెప్పాడు. నాకు కావలసింది చెప్పకూడదనుకున్నవాడి సంగతి. వాడి కోసమే చట్టం ఉండేది. 2017లో శామ్ పాటెన్ అనే లాబీయిస్టు ఏం చేశాడు? ఉక్రెయిన్ ధనికుడొకడికి ఉత్సవం టికెట్లు కావాలి. విదేశీయుడు ఇవ్వకూడదు. పాటెన్ ఇంకో అమెరికన్ చేత 50 వేల డాలర్లు ఇప్పించి నాలుగు టికెట్లు కొనిపించాడు. జాబితాలో కనపడ్డది ఆ అమెరికన్ పేరు.

మేనకోడలు: పట్టుబడ్డాడు కదా! 2018లో నేరం ఒప్పుకున్నాడు. ఇప్పుడున్న చట్టం పనిచేసిందనడానికి అదే సాక్ష్యం. ఇమాద్ జుబేరీ కూడా. 9 లక్షలు ఇచ్చాడు, ఇతర నేరాలతో కలిపి 2021లో పన్నెండేళ్ల శిక్ష పడింది.

మామయ్య: ఎలా పట్టుబడ్డారో చూడు. పాటెన్ వ్యవహారం రష్యా జోక్యం మీద రాబర్ట్ ముల్లర్ జరిపిన దర్యాప్తులోంచి తేలింది. ఫారం 13 చదివి ఎవరూ పట్టుకోలేదు, పట్టుకోలేరు కూడా. ఎన్నికల ప్రచార నివేదికలో దాత వృత్తి ఏమిటో, ఎక్కడ పనిచేస్తాడో రాయాలి. ఈ ఫారంలో ఆ గడే లేదు. ఎంత చిన్న గడి అది! అది లేకపోతే, లక్ష డాలర్లు ఇచ్చిన మనిషి నిజంగా అంత ఇవ్వగలవాడా అని కూడా ఎవరికీ తట్టదు. 2017 నివేదికలో చిరునామాల తప్పులు పాఠకులు, విలేకరులు వరసగా చూస్తూ పోతే దొరికాయి. కమిటీ సవరించింది. నివేదిక తీసుకున్న ఎన్నికల సంఘం కాదు ఆ తప్పులు పట్టింది.

మేనకోడలు: ఆ సంఘం సంగతి మీరే ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. ఆరుగురు కమిషనర్లు ఉండాల్సిన చోట నలుగురైనా లేకపోతే అది నిర్ణయాలు తీసుకునే వీల్లేదు. 2025 మేలో దానికి కోరం లేకుండా పోయింది. మీరు కొత్త నిబంధనలు ఎన్ని రాసినా ఈల వేసే రెఫరీ ఎక్కడున్నాడు?

మామయ్య: శిక్ష వేయడానికి కోరం కావాలి. కాగితం నెట్‌లో పెట్టడానికి అక్కర్లేదు. అందుకే నేను శిక్షల కంటే వెల్లడి మీద పట్టుబడుతున్నాను. అది సిబ్బంది చేసే పని.

మేనకోడలు మాట్లాడలేదు. నా లెక్కలో ఈ చర్చలో ముఖ్యమైన మలుపు ఇది. నిఘా సంస్థ బలహీనపడిన కాలంలో వెల్లడికి విలువ పెరుగుతుందే కానీ తగ్గదు. ఇక ఖర్చు దగ్గరికి వచ్చారు.

మామయ్య: ఇప్పుడు ఖర్చు పేజీ. 2017లో 10.7 కోట్లు ఎటు పోయాయో అమెరికాకి ఎప్పుడు తెలిసింది?

మేనకోడలు: 2018 ఫిబ్రవరిలో, కొంతవరకు. ఆ కమిటీ పన్ను చట్టం కింద లాభాపేక్ష లేని సంస్థ కాబట్టి ఆదాయపు పన్ను శాఖకి ఫారం 990 ఇవ్వాలి. అందులో లక్ష డాలర్లకు పైగా తీసుకున్న కాంట్రాక్టర్లలో మొదటి ఐదుగురి పేర్లు రాయాలి. అవి మాత్రం జనం చూడొచ్చు.

మామయ్య: ఐదుగురు! అందులో మొదటి పేరు చూసి దేశమంతా నోరు తెరిచింది. మెలానియా ట్రంప్ స్నేహితురాలి సంస్థకి 2.6 కోట్లు. కమిటీ పుట్టకముందు ఆ సంస్థ కూడా లేదు. స్నేహితురాలు కోట్లు మింగిందని పత్రికలు రాశాయి. తర్వాత తెలిసిందేమిటి? అందులో అత్యధిక భాగం కార్యక్రమాలు జరిపిన ఇతర కాంట్రాక్టర్లకీ సిబ్బందికీ ఆమె సంస్థ ద్వారా వెళ్లింది. బిల్లువారీగా లెక్క మొదటే ఉండి ఉంటే ఆమెకా నింద వచ్చేదా? లెక్క దాచడం వల్ల తప్పు చేసినవాడు తప్పించుకుంటాడు, చేయనివాడు ఇరుక్కుంటాడు. నా సర్వీసులో ఎన్నిసార్లు చూశానో! రసీదు లేని గుమస్తా నిజాయితీపరుడైనా దొంగలాగే నిలబడతాడు.

మేనకోడలు: ఆ మాట ఒప్పుకుంటాను. కానీ హోటల్ వ్యవహారం చూడండి. వాషింగ్టన్ నగర అటార్నీ జనరల్ కార్ల్ రసీన్ 2020 జనవరిలో కేసు వేశారు. ట్రంప్ కుటుంబ హోటల్లోనే హాలు తీసుకుని రోజుకి లక్షా 75 వేల డాలర్లు కట్టారని, అది మార్కెట్ ధర కంటే చాలా ఎక్కువని, స్వచ్ఛంద సంస్థ డబ్బును కుటుంబ వ్యాపారానికి మళ్లించారని ఆరోపణ. 2022 మేలో ఏడున్నర లక్షల డాలర్లకి రాజీ కుదిరింది. ఆ డబ్బు నగరంలో పిల్లల కోసం పనిచేసే సంస్థలకి ఇచ్చారు. స్వచ్ఛంద సంస్థల మీద ఉన్న మామూలు చట్టమే పనికొచ్చింది. కొత్తది అవసరం పడలేదు.

మామయ్య: ఉత్సవం ఎప్పుడు? 2017 జనవరి. రాజీ ఎప్పుడు? 2022 మే. అధ్యక్షుడు దిగిపోయాక ఏడాదికి పైగా. తప్పు ఒప్పుకోలేదు కూడా. ఆ మధ్యలో ఒక ఎన్నిక అయిపోయింది, సంగతి తేలకముందే జనం ఓటేశారు. పైగా కేసు వేయగలిగింది కమిటీ ఆ నగర చట్టం కింద దొరికింది కాబట్టి, అక్కడ పట్టుదల గల అటార్నీ జనరల్ ఉన్నాడు కాబట్టి. పుస్తకం పట్టుకుని కోర్టు దాకా వెళ్లాల్సిన పని, 90 రోజుల్లో ఒక ఖర్చు పట్టికతో తీరేది. గెలిచినవాడి సొంత హోటల్‌కి ఇంత, అని ఒక వరస రాస్తే చాలు, మిగతాది విలేకరులే చూసుకునేవారు. అసలు ఆ వరస రాయాల్సి వస్తుందంటేనే ఆ హోటల్‌కి పోయి ఉండేవారు కాదు.

మేనకోడలు: మీ దారిలో నాకు కనిపిస్తున్న పెద్ద గొయ్యి ఇంకొకటుంది. ఉత్సవ కమిటీకి కళ్లెం బిగిస్తే డబ్బు ఆగదు, దారి మారుస్తుంది. అధికార మార్పిడి ఏర్పాట్లకి ప్రభుత్వ సాయం తీసుకుంటే ఒక్కొక్కరి దగ్గర 5,000 డాలర్లకు మించి తీసుకోకూడదు, దాతల పేర్లు చెప్పాలి. 2024లో ట్రంప్ బృందం ఆ సాయమే వద్దంది. దాంతో హద్దూ లేదు, వెల్లడీ లేదు. అధ్యక్షుల లైబ్రరీలకి ఇచ్చేవాళ్ల పేర్లు చెప్పమని ఏ చట్టమూ అడగదు. 2025లో శ్వేతసౌధంలో తూర్పు భాగం కూల్చి ప్రైవేటు డబ్బుతో బాల్‌రూమ్ కడతామన్నారు. మీరు ఉత్సవానికి వేసిన తాళం చూసి వాళ్లు లైబ్రరీకి రాస్తారు చెక్కు. ఇప్పుడు కనీసం పేరైనా కనిపిస్తోంది, అప్పుడు అదీ పోతుంది.

మామయ్య: అందుకని ఉన్న తలుపూ తెరిచి ఉంచమంటావా? లైబ్రరీకీ ఇదే నియమం పెట్టండి. అధికారంలో ఉన్నవాడి పేరు మీద, ఆయన చెప్పుచేతల్లో ఉన్న ఏ నిధికైనా ఒకటే ఫారం. ఇన్ని తలుపులకి ఇన్ని చట్టాలు ఎందుకసలు?

మేనకోడలు: చెప్పినంత తేలిక కాదు మామయ్యా. పోనీ, మన దగ్గర చేసేలా సర్కారే ఖర్చు పెట్టాలంటారా?

మామయ్య: మన దగ్గర 2023 డిసెంబరు 7న ఎల్బీ స్టేడియంలో రేవంత్ రెడ్డి ప్రమాణం చేశారు, 2024 జూన్ 12న కేసరపల్లిలో చంద్రబాబు చేశారు. ఎంత ఆర్భాటమైనా సర్కారు పెట్టిన ఖర్చుకి ఓచరుంటుంది. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి అడగొచ్చు. ఆర్భాటం మంచిదని నేననను. మీ ప్రజలు బాల్స్‌కి పన్ను డబ్బు ఇవ్వరు, ఇవ్వమని నేనూ చెప్పను. అయితే మన దేశంలో దాతల పేర్లు దాచి చూశాం. 2018 నుంచి ఎలక్టోరల్ బాండ్లు. దాత గోప్యత అన్నారు, నువ్వు చెప్పిన మాటే. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఓటరుకి తెలుసుకునే హక్కుందని బాండ్లు కొట్టేసింది. మార్చిలో జాబితా వస్తే రెండో స్థానంలో మన హైదరాబాద్ కంపెనీ మేఘా, 966 కోట్లు. తెలుగు రాష్ట్రాల్లో ప్రాజెక్టులు కట్టే కంపెనీ ఎవరెవరికి ఎంత ఇచ్చిందో ఏళ్ల తర్వాత తెలిసింది మనకి. ఆ పేర్లు బయటికి వచ్చినందుకు ఎవరి కొంపా మునగలేదు. ఆలస్యంగా వచ్చినందుకు మాత్రం నష్టం జరిగింది. మధ్యలో ఎన్ని ఎన్నికలు అయిపోయాయి!

మేనకోడలు: బాండ్లు ఎన్నికల డబ్బు, ఇది కాదు. ఆ తేడా నేను వదలను. కానీ ఖర్చు పేజీ విషయంలో మీతో వాదించే ఓపిక నాకు లేదు, వాదించడానికి ఏమీ మిగల్లేదు కూడా. ఖర్చు వెల్లడిస్తే దాత గోప్యతకి భంగం లేదు. డబ్బు తీసుకున్న హోటల్‌కీ, కేటరర్‌కీ, పాటగాడికీ అలబామాలో వచ్చిన భయం రాదు. మిగిలిన డబ్బు ఏం చేశారో చెప్పమనడమూ న్యాయమే. 10.7 కోట్లు వసూలు చేసి దాదాపు 50 లక్షలే దానధర్మాలకి ఇచ్చామంటే, మిగతాది ఏమైందని అడిగే హక్కు దాతలకే ఉంది.

మామయ్య: దాతల మీద మోపకు. పది లక్షలు ఇచ్చినవాడికి 2025లో ఏమిస్తామన్నారు? అధ్యక్ష దంపతులు వచ్చే కాండిల్‌లైట్ విందు, వాన్స్ దంపతులతో ఇంకో విందు. మిగులు ఏమైందని వాడు అడగడు. వాడి డబ్బుకి వాడి కుర్చీ ముట్టింది. అడగాల్సింది ఆ గదిలోకి రాలేనివాళ్లు.

మేనకోడలు: సరే. ఖర్చు, మిగులు, సొంతానికి వాడకూడదన్న నియమం, పెద్ద మొత్తాలు వెంటనే చెప్పడం. ఈ నాలుగూ నేను రాసిస్తాను. 50 వేల పరిమితి, కంపెనీల మీద నిషేధం మాత్రం ఈ సుప్రీంకోర్టులో నిలుస్తాయని నాకు నమ్మకం లేదు. వాటిని కలిపితే ఓడే వాదనకి గెలిచే వాదనను కట్టేసినట్టవుతుంది. వెల్లడిని కోర్టు 1976లో బక్లీ కేసులో సమర్థించింది. 2010లో కంపెనీల ఎన్నికల ఖర్చుకి తలుపులు తెరిచిన సిటిజన్స్ యునైటెడ్ తీర్పులో కూడా తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది వెల్లడి వైపే నిలబడ్డారు.

మామయ్య: పరిమితి దగ్గర నేను వెనక్కి తగ్గను. 50 లక్షలు ఇచ్చినవాడి పేరు పగటిపూట చదివినా అది 50 లక్షలే. కానీ ముందు వెల్లడి రానీ, దానికి నేను అడ్డురాను. దాంట్లో ఇంకో గడి పెట్టు. 2017లో వర్జీనియాలో రిజిస్టరైన ఒక ఎల్‌ఎల్‌సీ పది లక్షలు ఇచ్చింది. దాని వెనక ఎవరున్నారో ఆ జాబితా చూసిన ఎవరికీ అర్థం కాలేదు. కంపెనీ పేరు పక్కన డబ్బు అసలు ఎవరిదో ఆ మనిషి పేరు రావాలి.

మేనకోడలు: ఎలా సరిచూస్తారు? దేశీయ కంపెనీలు అసలు యజమానుల వివరాలు ఇవ్వక్కర్లేదని 2025 మార్చిలో ట్రెజరీ శాఖ మినహాయించేసింది. మీరు గడి పెడితే ఏదో ఒక పేరు రాస్తారు. అది నిజమో కాదో చెప్పే రిజిస్టరే లేదు.

మామయ్య: రిజిస్టరు లేకపోతే మానె. ఆ పేరు కింద, ఈ డబ్బు నాదే, మరొకరి తరఫున ఇవ్వడం లేదు అని సంతకం చేయించు. పాటెన్‌కి మారుపేరుగా నిలబడ్డ మనిషిని ఆ రోజు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఆ సంతకం పెట్టేవాడా?

మేనకోడలు: అది నేను రాయగలను. అబద్ధపు ధ్రువీకరణ ఇక్కడ నేరమే, దానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఒక్క షరతు. ఈ సంతకం పది వేలు దాటినవాళ్లకే. మన టీచరమ్మ చేత అఫిడవిట్లు రాయించను.

మామయ్య: పది వేలా? ఐదు చెయ్యి.